సీసా అత్త పగలగొట్టిన హెల్మెట్లు

మా మామగారు పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్ళంతా దాదాపు ఒకే మాట అన్నారు. "అంత మంచి మనిషి, ఆవిడతో ఎలా వేగాడో!" ఆవిడ ఆ గదిలోనే ఉంది. గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. చెవుడు లేదు. వచ్చినవాళ్ళు గొంతు తగ్గించారు కానీ, ఆవిడకి వినపడేటంతగానే తగ్గించారు.

సాఫ్ట్‌బాల్ ఆడే పిల్లలు ఆ మాత్రం మర్యాద కూడా పాటించలేదు. మా బస్సు డిపో టీముకి కొత్తగా వచ్చిన పిచ్చరు, అంటే బంతి విసిరే పిల్ల, వంటింట్లోకి వచ్చి, నేను టీ గ్లాసులు కడుగుతుంటే చెవి దగ్గర చేరింది.

"అక్కా, ఆయన రంగులేసిన హెల్మెట్లన్నీ పగలగొట్టింది ఈవిడేగా? మొగుడికి పేరొస్తే ఓర్వలేని ఆడది కూడా ఉంటుందా?"

"నోరు మూసుకుని టీ తాగు," అన్నాను.

దానికి కోపం వచ్చింది. నాకు అంతకంటే ఎక్కువ వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. అత్తని వెనకేసుకొస్తున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. మా ఇద్దరికీ మొదటినుంచీ ఉప్పూ నిప్పూ. ఇప్పటికీ ఆవిడ ఒక గదిలో ఉంటే నాకు రెండో గదిలో పని గుర్తొస్తుంది. ఆవిడ మంచిదని చెప్పడానికి నేను కూర్చోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికి కూర్చున్నాను.

గ్రౌండులో అందరూ ఆవిణ్ణి సీసా అంటారు. ఎదురుగా అయితే మేడమ్, వీపు తిప్పితే సీసా. సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని ఆవిడది. కొలిమి దాటి చల్లారి వరసగా కదిలి వచ్చే సీసాల్లోంచి అనుమానమున్నదాన్ని తీసి, మధ్యవేలి కణుపుతో ఒక్కటి కొట్టి వింటుంది. మంచి సీసా ఖంగుమంటుంది. కంటికి కనబడని బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. అలాంటిది దొరికితే పక్కన పెట్టదు. కాళ్ళ దగ్గరున్న ఇనప తొట్టిలో అక్కడికక్కడే పగలగొట్టేస్తుంది. "పక్కన పెట్టింది ఎప్పటికైనా మళ్ళీ వరసలోకొస్తుంది. ఎవడో ఒకడు జాలిపడి పెడతాడు," అంటుంది. ఆ ఫ్యాక్టరీలో తనిఖీ చేసే ఆడవాళ్ళందరికీ ఇదే పద్ధతి.

అయితే మిగతావాళ్ళు ఆ పద్ధతిని ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలి ఇంటికెళతారు. మా అత్త వెంట తెచ్చుకుంది. ఇంట్లో కప్పు, గిన్నె, కొత్తగా కొన్న బకెట్టు, ఏదైనా సరే ముందు కణుపుతో కొట్టి వినాల్సిందే. నేను పుట్టింటినుంచి తెచ్చుకున్న పింగాణీ కప్పుల్లో ఒకటి కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే చెత్తబుట్టలో ముక్కలై కనబడింది. అడిగితే "బీట ఉంది" అంది. అంతే. పెళ్ళి మాటలకి మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను కూడా వేలితో కొట్టి చూసేదే, పక్కన మా అమ్మ ఉంది కాబట్టి ఆగింది.

ఆదివారాల్లో ఆవిడ అంపైరు. మా దగ్గర డిపోకీ, సీసాల ఫ్యాక్టరీకీ, బట్టల మిల్లుకీ, పోస్టాఫీసుకీ ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ టీములు ఉన్నాయి. సాఫ్ట్‌బాల్ అని పేరేగానీ ఆ బంతిలో మెత్తదనం ఏమీ లేదు. పేరు పెట్టినవాడి మొహానికి ఒక్కసారి తగిలుంటే వేరే పేరు పెట్టేవాడు. పిచ్చరు విసిరిన ఆ బంతిని, బ్యాటు పట్టుకున్న అమ్మాయి వెనక గొంతుక్కూర్చుని అందుకునేది క్యాచరు. డిపోకి క్యాచర్ని నేనే. క్యాచరు వెనక నిలబడి, భుజం మీదుగా తొంగిచూసి తీర్పు చెప్పేది అంపైరు. బ్యాటు అంచుకి తగిలిన బంతి ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియదు. అందుకని క్యాచరు తలకి హెల్మెట్టు, మొహానికి ఇనప ఊచల మాస్కు, మాస్కు కింద వేలాడుతూ గొంతుకి అడ్డంగా ఒక పలక ఉండాలని నియమం. వీటిలో ఏది పగిలినా, ఏది మార్చినా చెల్లదు. ఆట మొదలవక ముందు పక్కన పిచ్చరు చేతికి పదును పెట్టుకునేటప్పుడు సైతం, ఆ బంతులు పట్టేవాళ్ళకి మాస్కు ఉండాల్సిందే.

ఈ నియమాలన్నీ మా అత్త కనిపెట్టినవి కావు. అన్నిచోట్లా ఉన్నవే. అన్నిచోట్లా అంపైర్లు ఒకసారి చూసి, చూశామనిపించుకుని వదిలేస్తారు. ఈవిడ ఇద్దరు క్యాచర్లనీ బ్యాటు పట్టే చోటున్న గీత దగ్గరికి పిలిచి, హెల్మెట్టు మీద కణుపుతో టక్కుమని కొట్టి, చెవి వంచి వింటుంది. మాస్కు ఊచలు పట్టుకుని గుంజుతుంది. గడ్డం కింది పట్టీ లాగి చూస్తుంది. జనం ఈలలు వేస్తుంటారు. వేస్తే వేయనీ. ఆ గీత వెనక నిలబడటం తప్ప లోకంలో ఆవిడకి ఇంకేదీ ఇష్టమున్నట్టు నేను చూడలేదు. మొగుడూ కొడుకూ కూడా దాని తర్వాతే.

నాకు ఆవిడ అత్త కాకముందే గ్రౌండులో శత్రువు. గొంతు పలక కంఠానికి కొట్టుకుంటోందని నేను దాన్ని దారంతో పైకి కట్టుకునేదాన్ని. ఆవిడ ఒక రోజు ఆట మధ్యలో ఆపి చూసింది.

"విప్పు."

"నాకు నొప్పి పుడుతోంది మేడమ్."

"పుట్టనీ. నొప్పి తెలియడానికి గొంతుండాలి కదా."

నేను విప్పనన్నాను. నన్ను బయటికి పంపింది. ఆ మ్యాచి ఓడిపోయాం. టీము సామాను మోసుకొచ్చే డిపో డ్రైవరు ఆ రోజు నన్ను ఓదార్చాడు. తర్వాత అతన్నే చేసుకున్నాను. అతనికి ఆవిడ తల్లి అని తెలిసేసరికి ఆలస్యమైపోయింది. అత్త కాకముందే అత్తరికం చేసిన మనిషి, అయ్యాక ఊరుకుంటుందా?

ఆవిడ ఇలా ఎందుకైందని అందరూ అడుగుతారు. చిన్నప్పుడు దెబ్బ తగిలిందా, స్నేహితురాలికి ఏమైనా అయిందా అని ఆశగా అడుగుతారు. కథేమీ లేదు. ఆవిడకి ఒక్క పన్ను కదల్లేదు. ఎవరి మొహమూ పగల్లేదు. ఆవిడ పుట్టుకే అంత.

మామగారు దీనికి పూర్తిగా వేరు. డిపోలో బస్సులకి రంగులేసే పని చేసేవారు. బస్సు పక్కన ఆయన లాగిన పసుపు చార చూస్తే దారం పట్టి గీసినట్టుండేది. రిటైరయ్యాక ఆ చేతులకి పని లేకుండాపోయింది. కిటికీ దగ్గర కూర్చుని వెళ్ళే బస్సుల మీద కొత్తవాళ్ళు వేసిన చారలు చూసి "వంకర, వంకర" అని తనలో తనే గొణుక్కునేవారు. వీధిలోకి వెళ్ళడం మానేశారు. నన్ను చూసి మాత్రం నవ్వేవారు. ఆ ఇంట్లో నన్ను చూసి నవ్వే మనిషి ఆయనొక్కరే. మా ఆయన డ్యూటీలోంచి వచ్చేసరికి నవ్వే ఓపిక ఉండేది కాదు.

ఒక ఏడాది మా డిపో ఫైనలుకి వచ్చింది. ఎదురుగా సీసాల ఫ్యాక్టరీ. మామగారు నా హెల్మెట్టు అడిగి తీసుకున్నారు. గరుకు కాగితంతో బాగా రుద్ది, బస్సులకి వేసే ఎర్రరంగు థిన్నరులో కలిపి వేసి, నుదుటి నుంచి వెనక దాకా పసుపు చార లాగారు. నా చేతిలో పెట్టినప్పుడు ఆయన మొహం చూడాలి.

"మన డిపో బస్సు నీ నెత్తిన తిరుగుతోందమ్మా," అన్నారు.

నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆ ఇంట్లో నాకోసం ఎవరైనా ఏదైనా చేయడం అదే మొదలు.

ఫైనలు రోజు గ్రౌండు నిండిపోయింది. మా అత్త నన్ను గీత దగ్గరికి పిలిచింది. హెల్మెట్టు మీద టక్కుమని కొట్టింది. మళ్ళీ కొట్టింది. చెవి ఆనించి మరోచోట కొట్టింది. నా తల లోపల నాకే తేడా తెలిసింది. ఎప్పటిలా కొయ్య మీద కొట్టినట్టు కాకుండా, తడి అట్ట మీద కొట్టినట్టుంది.

"ఇది చెల్లదు," అంది.

"ఎందుకు చెల్లదు?"

"రంగు తాగింది. బలం పోయింది. ఇంకోటి పెట్టుకో."

ఇంకోటి మా దగ్గర లేదు. మా కెప్టెను వెళ్ళి సీసాల ఫ్యాక్టరీ వాళ్ళని వాళ్ళ హెల్మెట్టు అరువడిగింది. వాళ్ళ కెప్టెను చేతులు కట్టుకుని, "మాది మాకు కావాలి. లేకపోతే మ్యాచి వదులుకోండి," అంది. జనంలో మా మామగారు లేచి నిలబడ్డారు. "రంగేసింది నేనేనే! బస్సుల రంగు, పదేళ్ళు పోదు!" అని అరిచారు. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. మా అత్త అటు తిరిగి చూడను కూడా చూడలేదు.

లీగు సెక్రటరీ వచ్చాడు. టైర్ల దుకాణం ఆయనది.

"మేడమ్, ఫైనలు ఇది. ఇంతమంది జనం వచ్చారు."

"దెబ్బ తగిలేది జనం తలకాయలకి కాదుగా."

"రంగేస్తే హెల్మెట్టు హెల్మెట్టు కాకుండా పోతుందా?"

"పోతుంది. లోపల అంటించిన చీటీ చదవండి. రంగూ థిన్నరూ తగలనీయొద్దని ఉంది."

ఆయన చదివాడు. "ఇవన్నీ కంపెనీవాళ్ళు తమ మీదికి రాకుండా రాసుకునేవి," అన్నాడు. "మీరు పక్కకి రండి. రెండో అంపైరు చూసుకుంటాడు."

మా అత్త తన మాస్కు తీసి చంకలో పెట్టుకుంది. "దాని తల దానిష్టం, మీ ఆట మీ ఇష్టం. నేను మాత్రం దాని వెనక నిలబడను," అని నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయింది. వెనకనుంచి ఎవరో ఖాళీ సీసా ఒకటి దొర్లించారు. గ్రౌండంతా విరగబడి నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు దాచాలి?

గెలిచాం. ఆవిడ చెప్పిన ఉపద్రవమేదీ రాలేదు. ఒక బంతి మాస్కు ఊచలకి తగిలి పక్కకి పోయింది, అంతే. నా తల నా మెడ మీదే ఉంది. మర్నాటి మీటింగులో ఆవిణ్ణి పక్కన పెట్టాలని కెప్టెన్లంతా చేతులెత్తారు. క్యాచర్లని అడిగితే నేనూ ఎత్తాను. ఎత్తినందుకు నాకు చింత లేదు, ఆ రోజు ఆవిడ నా పరువు తీసింది. కొత్త సీజను ముందు మళ్ళీ మీటింగు పెడతామనీ, అక్కడ తప్పు ఒప్పుకుంటే తిరిగి తీసుకుంటామనీ సెక్రటరీ చెప్పాడు.

"ఒప్పుకోవడానికి తప్పు కావాలి కదా," అంది మా అత్త, అన్నం కలుపుకుంటూ.

ఆ తర్వాత ఇల్లు ఇల్లుగా లేదు. మామగారు ఆవిడతో మాట మానేశారు. ఏదైనా కావాలంటే "అమ్మా, ఆవిడని అడుగు" అని నాతో చెప్పేవారు. ఆవిడ పక్కనే ఉండేది. నేను మధ్యలో రాయబారిని. ఆవిడ పళ్ళెం విసురుగా పెట్టేది, ఆయన విసురుగా జరిపేవారు. నేనూ ఆవిడా ఎప్పటిలాగే. మా ఆయన ఓవర్‌టైము అడిగి మరీ చేశాడు.

ఈలోగా మామగారికి మంచిరోజులొచ్చాయి. మా ఎర్ర హెల్మెట్టు చూసి మిల్లు వాళ్ళు తమకి నీలం వేయమని తెచ్చారు. వాళ్ళని చూసి పోస్టాఫీసు. చివరికి సీసాల ఫ్యాక్టరీ వాళ్ళు కూడా, ఆవిడ కింద పనిచేసే పిల్లలే, ఆకుపచ్చ వేయమని తెచ్చారు. మేడ మీద తీగకి హెల్మెట్లు వరసగా ఆరేవి. మామగారు తెల్లారగానే మేడ ఎక్కేవారు. సాయంత్రం వీధిలోకి వెళితే పిల్లలు "తాతా, మా చార సన్నగా రావాలి" అని చుట్టూ మూగేవారు. ఆయన నడకే మారిపోయింది. మా అత్త మెట్ల మీద నిలబడి, హెల్మెట్టు తెచ్చిన ప్రతి పిల్లకీ "ముందు ఇంకో తల కొనుక్కో, తర్వాత రంగేయించుకో" అని చెప్పేది. వాళ్ళు పక్కనుంచి జారుకుని పైకెళ్ళి, పకపకా నవ్వేవారు.

మీటింగు రేపనగా సాయంత్రం, ఆవిడ నన్ను పిలిచింది.

"ఏమే, నీ బంతి పట్టుకుని మేడ మీదికి రా. మీ మామయ్యని కూడా రమ్మను."

ఎక్కి చూస్తే నీళ్ళ ట్యాంకు గట్టు మీద రెండు హెల్మెట్లు పెట్టి ఉన్నాయి. రెండింటి లోపలా పాత దుప్పట్లు చుట్టి కుక్కింది. ఒకటి నా ఎర్ర హెల్మెట్టు. రెండోది రంగు వేయని పాతది, అదే కంపెనీది. ఫ్యాక్టరీ టీము పారేస్తే తెచ్చుకున్నట్టుంది. మామగారు మొహం పక్కకి తిప్పుకుని నిలబడ్డారు.

"అటు చివరికెళ్ళి రెండిటి మీదా వెయ్యి," అంది. "నా మీద నీకెంత కోపముందో అంత గట్టిగా."

"అంతా వేస్తే ట్యాంకు పగులుతుంది అత్తయ్యా."

"వాగకుండా వెయ్యి."

ముందు పాతదాని మీద వేశాను. ధణ్‌మని మోగి, ఎగిరి కిందపడి దొర్లింది. ఆవిడ దాన్ని తీసి, కణుపుతో కొట్టి, మామగారి చెవి దగ్గర పెట్టింది. కొయ్య మోగినట్టు మోగింది.

ఇక ఎర్రది. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటారు. ఇక్కడ దుత్తని తెచ్చి ఎదురుగా పెట్టింది అత్తే. దారం విప్పించిన రోజు, చెత్తబుట్టలో నా కప్పు, ఫైనలు రోజు ఇంతమంది ముందు "చెల్లదు" అన్న గొంతు, అన్నీ గుర్తు తెచ్చుకుని, దూరంగా ఉండే రెండో బేసుకి విసిరే విసురుతో విసిరాను. ధణ్‌మనలేదు. ఎండు పుల్ల విరిగినట్టు ఒక చిన్న చప్పుడు. హెల్మెట్టు గట్టు మీదనే ఉంది. చెవి దగ్గరున్న రంధ్రం నుంచి నడినెత్తి దాకా నోరు తెరుచుకుంది. ఎర్రరంగు పెచ్చులు కింద రాలాయి. లోపల దుప్పటి కనబడుతోంది.

నా చెయ్యి నాకు తెలియకుండానే నా నెత్తి మీదికి వెళ్ళింది.

మామగారు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ బీటలో వేలు పెట్టి చూశారు. వేలు లోపలికి పోయింది. ఆయన తలెత్తి తీగ వంక చూశారు. నీలం, ఆకుపచ్చ, తెలుపు, వేసినవన్నీ ఇంకా అక్కడే ఆరి మెరుస్తున్నాయి. పొద్దున్నే పిల్లలు వచ్చి తీసుకెళ్ళాలి.

"అందరికీ వేశానే," అన్నారు. ఎన్నో నెలల తర్వాత ఆవిడతో అన్న మొదటి మాట అదే. "ఆ పిల్లలందరికీ నేనే వేశాను. వాళ్ళకేం చెప్పను? వాళ్ళ అమ్మలకేం చెప్పను?"

రంగు పట్టిన చేతులతో ఆ బీటని మూసి పట్టుకున్నారు. మా అత్త ఆ చేతుల వంక చూసింది.

"మీరేం చెప్పక్కర్లేదు. కిందికి పదండి, మంచు పడుతోంది," అంది.

రేపటి మీటింగులో ఇంక ఆవిడకి ఎదురు లేదనుకున్నాను. ఆ పగిలిన ముక్క బల్ల మీద పెడితే చాలు, సెక్రటరీయే లేచి మాస్కు చేతికిస్తాడు. నిజం చెప్పొద్దూ, నాకది మింగుడు పడలేదు. తను చెప్పిందే నిజమైందని ఇక జీవితాంతం నా నెత్తికెక్కి కూర్చుంటుందని దిగులు పడ్డాను.

పొద్దున్నే మేడ మీద చప్పుళ్ళకి లేచాను. పరిగెత్తి చూస్తే, మా అత్త చీర కుచ్చిళ్ళు దోపుకుని, సుత్తి పట్టుకుని, తీగ మీంచి ఒక్కొక్క హెల్మెట్టే తీసి నేల మీద పెట్టి పగలగొడుతోంది. నీలం అయిపోయింది. ఆకుపచ్చ సగం అయింది.

"అత్తయ్యా! ఒక్కటి చూపిస్తే చాలదా?"

"పక్కన పెడితే మళ్ళీ వరసలోకొస్తాయి," అంది, సుత్తి ఆపకుండా.

ముక్కలన్నీ గోతంలో ఎత్తుకుని మెట్లు దిగుతూ, మధ్యలో ఆగి నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ నన్ను ముట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. అదీ నొప్పి పుట్టేలా.

"నిన్న సాయంత్రం సంగతి ఎక్కడైనా నోరెత్తావంటే నా మీద ఒట్టే."

"మరి మీటింగులో ఏం చెప్తారు?"

"ఏదో ఒకటి చెప్తాను. నన్ను ఎలాగూ తిడతారు. ఇంకో తిట్టు కలిస్తే నాకేం బరువు? ఆయనకి తిట్లు అలవాటు లేదు."

మీటింగు మిల్లు క్యాంటీనులో. కెప్టెన్లూ క్యాచర్లూ అందరం ఉన్నాం. సెక్రటరీ మంచి ఉత్సాహంగా ఉన్నాడు. "రండి మేడమ్, ఒక్క మాట, తప్పయిందంటే అయిపోతుంది," అన్నాడు. కొత్త సీజనుకి అంపైరు దొరక్క ఇబ్బంది పడుతున్నాడు. ఆ ఒక్క మాట అన్నా తీసుకునేవాడు. పగిలిన హెల్మెట్టు కథ చెప్పినా తీసుకునేవాడు.

ఆవిడ గోతం బల్ల మీద బోర్లించింది. రంగురంగుల ముక్కలు గలగలా పడ్డాయి. ఒకటి టీ గ్లాసుకి తగిలి గ్లాసు దొర్లింది.

"ఏంటివి?"

"మీ హెల్మెట్లు. పగలగొట్టాను."

"ఎందుకు?"

"మా ఆయన్ని అందరూ నెత్తికెత్తుకుంటే చూడలేక. కడుపుమంట."

అందరూ ఒక్కసారే అందుకున్నారు. మిల్లు క్యాచరు ఏడ్చింది. ఫ్యాక్టరీ కెప్టెను "నీకు పుట్టగతులుండవు" అని శపించింది. ఎవరో "ఆ ముసలాయన పాపం, పాముతో కాపురం చేస్తున్నాడు" అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నా వంక ఒక చూపు చూసింది. గ్రౌండులో నన్ను బయటికి పంపినప్పటి చూపు. కూర్చున్నాను.

ఇక ఎప్పటికీ అంపైరుగా పనికిరాదనీ, గ్రౌండు గేటు లోపలికి కాలు పెట్టకూడదనీ తీర్మానించారు. పగిలినవాటికి బదులు కొత్తవి కొనివ్వాలన్నారు. ఆవిడ అన్నిటికీ తలూపింది. గోతం మడతపెట్టుకుని లేచి, తలుపు దగ్గర ఆగింది.

"కొనిస్తాను. కానీ ఒకటి. కొత్తవాటి మీద ఎవరు ఎక్కడ రంగేయించినా, ఇళ్ళకొచ్చి మళ్ళీ పగలగొడతాను. నా సంగతి తెలుసుగా."

తెలుసు. అందరికీ తెలుసు. నియమం చెప్పినంతకాలం ఈలలు వేసిన ఆ ఊళ్ళో, పిచ్చిదని భయపడి ఈ రోజుదాకా ఒక్క హెల్మెట్టు మీద ఒక్క చుక్క రంగు పడలేదు.

మామగారు మళ్ళీ కుంచె పట్టలేదు. రంగు ఘాటు పడట్లేదు, దగ్గు వస్తోంది అని పిల్లలకి చెప్పారు. వాళ్ళు నమ్మారు. "పెళ్ళాం అంత పని చేశాక ఏ మనిషికి మనసొప్పుతుంది?" అని జాలిపడ్డారు. ఆయన వీధిలోకి వెళితే తాతా అని పలకరించడం మాత్రం మానలేదు. మీటింగులో ఆవిడ ఏం చెప్పిందో మా ఆయన ద్వారా ఆయనకి తెలిసింది. విని, కిటికీ వైపు తిరిగారు. ఒక్కసారి గ్రౌండుకి వెళ్ళి, "కాదు, తప్పు నాది" అంటారేమోనని నేను రోజూ చూశాను. వెళ్ళలేదు. నాకు నవ్వు పంచిన మనిషే, నాకు ఇష్టమైన మనిషే. అయినా ఆ కోపం నాకు ఆయన మీద ఇంకా ఉంది. పోయినవాళ్ళ మీద కోపం ఉండకూడదంటారు. ఉంది, ఏం చేయను?

పోనీ ఆవిడ తర్వాతైనా మెత్తబడిందా అంటే, అదీ లేదు. మామగారితో మళ్ళీ పోట్లాటలే. నాతో మళ్ళీ కప్పుల దగ్గర గొడవలే. ఆ మెట్ల మీద పట్టుకున్న చెయ్యి మళ్ళీ పట్టుకోలేదు. ఒట్టు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఇప్పుడు ఆయన లేరు. తిట్లు తగలడానికి ఆయన లేరు కాబట్టి ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. ఇది చదివాక ఆవిడ నాతో మాట్లాడదు. ఇప్పుడు మాత్రం ఏం మాట్లాడుతోంది గనక?

పోయిన ఆదివారం మాకు మిల్లుతో మ్యాచి. మా అత్త ఎప్పటిలాగే కంచె బయట, గేటుకి కాస్త ఎడంగా, గొడుగు పట్టుకుని నిలబడింది. ఆయన పోయి నెల కూడా కాలేదు. కంచె పక్కన మా కొత్త పిచ్చరు చేతికి పదును పెట్టుకుంటోంది. ఎదురుగా ఒక పిల్ల గొంతుక్కూర్చుని బంతులు పడుతోంది. మాస్కు పక్కన గడ్డిలో పడుంది. కొత్త అంపైరు అటు చూడలేదు.

మా అత్త గొడుగు కర్రతో కంచె మీద కొట్టడం మొదలుపెట్టింది. ధన్, ధన్, ధన్. ఆటగాళ్ళంతా తిరిగి చూశారు.

"మొగుడు పోయినా నీ పొగరు పోలేదే ముసలిదానా!" అని అరిచింది పిచ్చరు.

ఆవిడ కొడుతూనే ఉంది. మొహంలో ఏ మార్పూ లేదు. చివరికి ఆ చప్పుడు భరించలేక, గొంతుక్కూర్చున్న పిల్ల ఒక బూతు మాట తిట్టి, గడ్డిలోంచి మాస్కు తీసి మొహానికి తగిలించుకుంది. కొట్టడం ఆగింది.

నేను కంచె దగ్గరికి నడిచాను. ఏదో అనాలని వెళ్ళాను. ఏమిటో నాకే తెలియదు. ఆవిడ కంచె ఊచల మధ్యనుంచి వేలు పెట్టి, నా హెల్మెట్టు మీద టక్కుమని ఒకటి కొట్టి, చెవి వంచి వింది.

"అలా చూస్తావేంటే? గడ్డం పట్టీ వదులుగా ఉంది," అంది.

బిగించుకుని వెళ్ళి, గీత వెనక కూర్చున్నాను.